పెయ్యయా, కోడెయా?

ఆవు ఈనినదనగానే పాడిరైతు మొదట అడుగు మాట, పెయ్యయా, కోడెయా అని. నాగలియు, బండియు ఎద్దులపై నడచిన దినములలో కోడెదూడకును విలువ ఉండెడిది. ట్రాక్టరు వచ్చిన పిమ్మట దానిని మేపువారు తగ్గిరి. వీధుల పాలైన దూడలెన్నియో. కావున పెయ్యయే పుట్టవలెనను కోరిక వెనుక పాల రాబడి మాత్రమే గాక, అక్కరలేదని విడిచివేయబడు ప్రాణి సంగతియు కలదు.

శరీరపు కుడిభాగము వలన మగ సంతానము కలుగునని ప్రాచీన గ్రీసులో కొందరు తలచిరి. అసలు కీలకము 1905లో బయటపడినది. అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అను విదుషీమణి పిండిపురుగుల కణములను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, శుక్రకణములలో సగము పెద్ద క్రోమోసోమును, సగము చిన్నదానిని మోయుననియు, సంతానము ఆడయో మగయో దానినిబట్టియే తేలుననియు చూపెను. పశువులందును అంతే. ఆబోతు శుక్రకణములలో ఎక్స్ క్రోమోసోము గలది పెయ్యను, వై గలది కోడెను కలిగించును.

రహస్యము తెలిసినది గాని వేరుచేయు ఉపాయము తెలియలేదు. ఆకారమున గాని, కదలికయందు గాని నమ్మదగిన తేడా లేదు. నికరమైన భేదమొక్కటే: ఎక్స్ కణమున డి.ఎన్.ఏ. సుమారు 4 శాతము ఎక్కువ.

దీనిని పట్టుకొను యంత్రము వేరొక పనికై పుట్టినది. సిరాబొట్లను చిమ్మి గీతలు గీయు సాధనమును అనుసరించి, 1965లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో మాక్ ఫుల్‌వైలర్ కణములను బిందువులలో నిలిపి, ఆ బిందువులకు విద్యుదావేశమిచ్చి ప్రక్కకు మళ్ళించెను. శుక్రకణముల విషయమున చిక్కు వేరు. వాని తల తెడ్డువలె చదును. అంచువైపు నుండి ఒక తీరుగను, వెడల్పువైపు నుండి మరొక తీరుగను వెలుగు వచ్చుచుండ, 4 శాతము భేదము అందులో మునిగిపోయెడిది. పైగా కణము చచ్చిన పిదప లెక్క తేలిననేమి లాభము? బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనా కేంద్రమున లారెన్స్ జాన్సన్, సూదిమొనను ఏటవాలుగా చెక్కి కణములన్నియు ఒకే ముఖముగా సాగునట్లు చేసెను. కణమును చంపక డి.ఎన్.ఏ.కు అంటు హెక్స్ట్ 33342 అను రంగును వాడెను. 1989లో ఆయన కుందేళ్ళపై ఫలితమును ప్రకటించెను. ఎక్స్ కణములవలన పుట్టిన పిల్లలలో 94 శాతము ఆడవి!

1993 నాటికి దూడలును పుట్టినవి. అయితే అండము శరీరము వెలుపల ఫలదీకరింపబడెను. కొలరాడోలో కృత్రిమ గర్భధారణ వలన కలిగిన దూడలను గూర్చి 1997లో ప్రకటించిరి. యంత్రము కణములను ఒక్కొక్కటిగా పరీక్షించును గనుక మోతాదున 20 లక్షల కణములే పెట్టగలిగిరి. మామూలు మోతాదున 2 కోట్లుండును. చూలు నిలుచుట తగ్గెను. అందుచే తేలికగా చూలుకట్టు పడుచు పెయ్యలకే దీనిని ముందు వాడిరి. ధరయు పేద రైతునకు అందనిదే. భారతదేశముననే రూపొందిన విధానము 2024 అక్టోబరులో ప్రారంభమైనప్పుడు, మోతాదు వెల తగ్గించుటయే దాని మొదటి లక్ష్యముగా చెప్పబడెను.