కొల్లేటి మీద ఐదో కాంటూరు

కొల్లేటి ఊళ్లలో భూమి మాటెత్తితే ముందు అడిగేది అది ఎన్నో కాంటూరులో ఉందని. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తులో సరస్సు చుట్టూ తిరిగే గీత ఐదో కాంటూరు. దాని లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. అక్కడ చేపల చెరువు తవ్వడం నేరం.

గీత కొత్తది, సరస్సు పాతది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటికి స్థిరమైన అంచు ఏనాడూ లేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే పదో కాంటూరు దాకా, అంటే 901 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకునేది. వేసవిలో ముడుచుకునేది. లంక గ్రామాల బతుకూ అలాగే నడిచింది: నీళ్లున్నన్నాళ్లు తాటి దోనెలు, వలలు, నీరు తీశాక వరి, పశువుల మేత.

1976లో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సు భూమి ఇచ్చి చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కానీ గట్టు వేయాలన్నా, తవుడూ చెక్కా మేతగా కొనాలన్నా డబ్బు కావాలి. డబ్బున్నవాళ్లు బయటి నుంచి వచ్చి సంఘాల చెరువులు లీజుకు పట్టారు. సంఘ సభ్యుడు తన చెరువులోనే కూలికి వల లాగాడు. బొచ్చె, శీలావతి ఐసులో సర్దుకుని లారీల్లో కోల్‌కతా వైపు వెళ్లాయి. వ్యాపారంతో పాటే గట్లూ పెరిగాయి. వరద నిలవాల్సిన చోటును అవే ఆక్రమించాయి.

1999లో అభయారణ్యం గీత పడింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. చెరువులు మాత్రం పోలేదు. చివరికి 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో పొక్లెయిన్లు గట్లు తెంచాయి. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఊరు విడిచిపోలేని మత్స్యకారుడికే.

రెండేళ్లకే గీతను మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ కోరికను పరిశీలించడానికి వేసిన అజీజ్ కమిటీ వద్దంది. కమిటీ మాటే సబబు. కొల్లేటి నీరు సముద్రానికి చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సులోకి వచ్చే వరదంతా ఒక్కసారిగా అందులో పట్టదు, సరస్సులోనే ఆగి మెల్లగా దిగాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వచ్చి కలిసేదీ కొల్లేటిలోనే.

అయితే గీత లోపల సుమారు 15 వేల ఎకరాలు జిరాయితీ భూమి. అది పట్టాదారుల సొంత ఆస్తి. సరస్సు కోసం దాన్ని వదులుకోమన్నప్పుడు పరిహారం లెక్కగట్టి చేతికివ్వడం ప్రభుత్వ బాధ్యత.