మొదటి సంవత్సరం పాఠంలో పుట్టిన శాస్త్రం

ఓ తరం కిందట డిగ్రీ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ ల్యాబ్‌లో అడుగుపెట్టగానే ముక్కుకు తగిలేది కుళ్లిన కోడిగుడ్డు వాసన. కిప్ పరికరం నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. చేతిలో చిటికెడు తెల్లటి పొడి, ఎదురుగా పరీక్షనాళికల స్టాండు, తల నిండా గ్రూపుల పట్టిక. జనరల్, ఇనార్గానిక్ కెమిస్ట్రీ అంటే బట్టీపట్టి గట్టెక్కాల్సిన పేపరన్న అభిప్రాయం మన కాలేజీల్లో అలాగే పాతుకుపోయింది. ఈ శాస్త్రం నడిచివచ్చిన దారి చూస్తే మాత్రం ఆ అభిప్రాయం నిలవదు. ఇందులోని మూల భావనల్లో చాలా వాటిని పుట్టించింది, కొత్తగా చేరిన విద్యార్థికి ఎలా చెబితే అర్థమవుతుందన్న తపనే.

1789లో లావోయిజర్ పారిస్‌లో ప్రచురించిన గ్రంథం పేరులోనే ‘ప్రాథమిక’ అన్న మాట ఉంది. ఇక విడగొట్టడానికి వీలుకాని పదార్థమే మూలకమని అందులో ఆయన నిర్వచించాడు. 33 మూలకాల జాబితా ఇచ్చాడు. వెలుగునూ వేడినీ కూడా మూలకాలుగానే లెక్కవేశాడు. ఆ పొరపాట్లను తర్వాతి తరాలు దిద్దుకున్నాయి. తెలిసినదాని నుంచి తెలియనిదానికి అడుగులు వేయించే పద్ధతి మాత్రం నిలిచిపోయింది.

అప్పట్లో ప్రయోగం చేసేది ఎక్కువగా ప్రొఫెసరే, విద్యార్థులు కూర్చుని చూసేవారు. 1824లో 21 ఏళ్లకే జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేరిన లీబిగ్ ఈ తీరు మార్చాడు. ప్రతి విద్యార్థీ తన చేత్తో తానే ప్రయోగం చేయాలన్నాడు. ఆ బాటలోనే వచ్చినవాడు ఫ్రెసీనియస్. బాన్‌లో చదువుకుంటూ, తన సాధన కోసం లవణాలను గుర్తించే వరసను రాసుకున్నాడు. 1841లో పుస్తకంగా వచ్చిన ఆ రాతలు, మన విద్యార్థులు నేటికీ ‘సాల్ట్ అనాలిసిస్’ అని పిలిచే పద్ధతికి బాట వేశాయి.

ఆ పద్ధతిలో ఎంత ఆలోచన దాగి ఉందో ఒక్క మెట్టు దగ్గర ఆగి చూద్దాం. లవణ ద్రావణానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే రాగి నల్లగా, కాడ్మియం పసుపుపచ్చగా అవక్షేపంగా దిగుతాయి. జింకు మాత్రం ద్రావణంలోనే ఉండిపోతుంది. అదే ద్రావణాన్ని అమ్మోనియాతో క్షారంగా మార్చి మళ్లీ ఆ వాయువునే పంపితే, జింకు కూడా తెల్లగా దిగుతుంది. ఆమ్లంలో సల్ఫైడ్ అయాన్లు చాలా తక్కువ. అందుకే అతి తక్కువగా కరిగే సల్ఫైడ్లే ముందు విడిపోతాయి. ఈ కారణం ఫ్రెసీనియస్ పుస్తకం వచ్చేనాటికి ఎవరికీ తెలియదు. 1889లో నెర్న్‌స్ట్ ద్రావణీయతా లబ్ధాన్ని వివరించాడు. 1894లో లీప్‌జిగ్ ప్రొఫెసర్ ఓస్వాల్డ్ విశ్లేషణకు శాస్త్రీయ పునాదులు చూపుతూ పుస్తకం రాశాడు. చేతికి ముందే అలవాటైన పనికి అర్థం తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఈలోగా పరమాణు భారాల విషయంలో పెద్ద గందరగోళం సాగుతోంది. ఆక్సిజన్ పరమాణు భారం 8 అని కొందరు, 16 అని కొందరు అనేవారు. నీటి సాంకేతికం కూడా ఒక్కొక్కరి పుస్తకంలో ఒక్కో రకంగా ఉండేది. ఇటలీలోని జెనోవాలో పాఠాలు చెబుతున్న కానిజారో, తన కోర్సు సారాన్ని 1858లో అచ్చువేసి, అవొగాడ్రో సూత్రంతో ఈ చిక్కు విప్పాడు. 1860 సెప్టెంబరులో కార్ల్స్‌రూహేలో జరిగిన రసాయనవేత్తల సమావేశంలో ఆ చిన్న పుస్తకాన్ని పంచారు. అంటే రసాయనశాస్త్రానికి దారి చూపింది ఓ మాస్టారి పాఠ్య ప్రణాళిక!

ఆ సభకు వచ్చినవారిలో యువ మెండలీవ్ ఒకడు. 1867లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జనరల్ కెమిస్ట్రీ ఆచార్యుడయ్యాక, విద్యార్థులకు తగిన పుస్తకం దొరక్క తానే రాయడం మొదలుపెట్టాడు. అప్పటికి తెలిసినవి 63 మూలకాలు. మొదటి సంపుటి పూర్తయ్యేసరికి కొన్నింటి సంగతే చెప్పగలిగాడు. మిగిలినవాటిని ఏ వరసలో చెప్పాలి? హలోజన్ల పక్కన క్షార లోహాలను పెట్టి చూశాడు. ఫ్లోరిన్ 19, సోడియం 23. క్లోరిన్ 35.5, పొటాషియం 39. బ్రోమిన్ 80, రుబీడియం 85. ఏమాత్రం పోలికలేని రెండు కుటుంబాలు భారంలో ఇరుగుపొరుగులయ్యాయి. 1869లో ఆవర్తన పట్టిక అలా రూపుకట్టింది. 1875లో గాలియంను కనుగొన్న బోయిబౌద్రాన్ దాని సాంద్రత 4.7 అంటే, తన పట్టిక ఆధారంగా అది 5.9 ఉండాలని మెండలీవ్ సూచించాడు. లోహాన్ని మరింత శుద్ధిచేసి మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది.

తర్వాతి శతాబ్దంలోనూ ఇదే వరస. 1902లో హార్వర్డ్‌లో ప్రారంభ తరగతికి ఆవర్తన నియమం వివరిస్తూ గిల్బర్ట్ లూయిస్ ఘనాల మూలల్లో ఎలక్ట్రాన్లను గీశాడు. ఆ బొమ్మే 1916 నాటికి ఎలక్ట్రాన్ జంట బంధ సిద్ధాంతంగా ఎదిగింది. 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ పాఠానికి సిద్ధమవుతుండగా పుస్తకంలోని ఓ గ్రాఫు కంటపడింది. జడవాయువుగా పేరుపడ్డ జినాన్ అయనీకరణ శక్తి ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తికి దాదాపు సమానం. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్‌తో చర్య జరిపితే జినాన్‌తో ఎందుకు జరపకూడదనుకున్నాడు. జరిపింది కూడా. మన పుస్తకాల్లోని ‘జడవాయువులు’ ఇప్పుడు ‘ఉత్కృష్ట వాయువులు’గా కనిపించడం వెనక ఉన్న కథ ఇదే.

మన దేశంలోనూ ఈ చదువుకు ఘనమైన వారసత్వం ఉంది. 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన ప్రఫుల్ల చంద్ర రాయ్ ఓవైపు పాఠాలు చెబుతూనే మెర్క్యురస్ నైట్రైట్‌ను తయారుచేసి 1896లో ప్రకటించాడు. 1918లో ఏర్పడిన ఉస్మానియా ఉర్దూలో సైన్సు బోధించి, ఉన్నత విద్య దేశభాషలో సాధ్యమేనని చూపింది. 1968లో వచ్చిన తెలుగు అకాడమీ అవక్షేపం, సంయోజకత, అయనీకరణ వంటి మాటలను తెలుగు మాధ్యమం పిల్లల చేతికి అందించింది.

ఇంత చరిత్ర ఉన్న ఈ పాఠాన్ని గైడు పుస్తకంలోని ప్రశ్నలకు కుదించడం అన్యాయం. అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: మీలో బాగా చెప్పగలవారిని మొదటి సంవత్సరం తరగతికే పంపండి. విద్యార్థులకూ ఒక మాట: రేపు ల్యాబ్‌లో పసుపుపచ్చటి అవక్షేపం దిగినప్పుడు కాడ్మియం అని రికార్డులో రాసి ఊరుకోకండి. జింకు ఎందుకు దిగలేదో మీ మాస్టారిని అడగండి.