హెపటైటిస్ ఎ: మురికినీరు ఇచ్చిన రక్షణ, శుభ్రత తెచ్చిన లోటు

మీ ఇంటినుండి ఎవరైనా ఈ ఏడు వైద్య కళాశాలలో చేరబోతున్నారా? అయితే హెపటైటిస్ బి టీకా వేయించుకొమ్మని వారికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. సూది గుచ్చుకుంటే రక్తం ద్వారా సోకే జబ్బు కనుక ఆ జాగ్రత్త ఎంతైనా అవసరం. కాని హెపటైటిస్ ఎ సంగతి అడిగేవారు అరుదు. ‘అది చిన్నపిల్లల కామెర్లు, అందరికీ ఎప్పుడో వచ్చి పోయే ఉంటుంది’ అన్న నమ్మకమే ఇందుకు కారణం. నేను వైద్యం చదివిన రోజులలో ఆ నమ్మకం చాలావరకు నిజమే. నేడు కాదు. ఎందుకు కాదో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి.

కామెర్లు మనకు తరతరాలుగా తెలిసిన వ్యాధి. నేల ఉసిరి పసరు తాగించడం, పత్యం పెట్టడం మన పల్లెలలో నిన్నమొన్నటి వరకు ఉన్న ఆచారమే. ఆ పసరుతో తగ్గాయనుకున్న కామెర్లలో అధికభాగం వాటంతట అవే తగ్గేవి. పాశ్చాత్య వైద్యులకు సైతం చాలాకాలం దీని మూలం అంతుపట్టలేదు. పైత్యరసనాళం శ్లేష్మంతో పూడుకుపోవడమే కామెర్లకు కారణమని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు విర్కో భావించాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో సైనికులు వేలాదిగా కామెర్ల పాలైనప్పుడు, ఇందులో రెండు రకాలున్నాయని స్పష్టపడింది. ఒకటి కలుషితమైన ఆహారపానీయాల ద్వారా, రెండవది రక్తం ద్వారా సంక్రమించేవి. 1947లో బ్రిటిష్ వైద్యుడు మెకల్లమ్ వీటికి హెపటైటిస్ ఎ, హెపటైటిస్ బి అన్న పేర్లు సూచించాడు.

ఒక రకం వచ్చి తగ్గితే రెండవదానినుండి రక్షణ కలగదని తేల్చినవి న్యూయార్కులోని విల్లోబ్రూక్ పాఠశాలలో సాల్ క్రూగ్‌మన్ బృందం జరిపిన ప్రయోగాలు. బుద్ధిమాంద్యం గల పిల్లలకు తెలిసి తెలిసి వ్యాధి అంటించి సాధించిన జ్ఞానమది. వైద్యనీతి చరిత్రలో ఆ మచ్చ నేటికీ చెరగలేదు. 1973లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు రోగుల మలంలో ఈ వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద గుర్తించారు. ఆ తరువాత రక్తంలో దాని ప్రతిరక్షకాలను కనుగొనే పరీక్షలు వచ్చాయి. ఎవరికి ఈ వ్యాధి మునుపే సోకిందో, ఎవరికి సోకలేదో అప్పటినుండి చెప్పగలిగారు.

ఆ పరీక్ష మన దేశపు చరిత్రనే తిరగరాసింది. 1955 చివర ఢిల్లీలో యమునానది నీటిలో మురుగు కలిసి, ఆ నీరే కుళాయిలలోకి చేరింది. కొద్దివారాలలో 29 వేలమందికి పైగా కామెర్ల పాలయ్యారు. అందరూ దానిని హెపటైటిస్ ఎ అనే అనుకున్నారు. నాడు భద్రపరచిన రక్తపు నమూనాలను దాదాపు పాతికేళ్ల తరువాత పరీక్షించగా, 1980లో వేరే నిజం బయటపడింది. ఆ రోగులలో హెపటైటిస్ ఎ ప్రతిరక్షకాలు అంతకుముందే ఉన్నాయి! అంటే బాల్యంలోనే ఆ వైరస్ వారికి సోకి పోయింది. ఢిల్లీని పీడించినది మరొక వైరస్. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బలయాన్, అటువంటి రోగుల మలం నుండి తీసిన ద్రవాన్ని స్వయంగా తాగి, కామెర్లు తెచ్చుకుని మరీ దాని జాడ పట్టాడు. ఆయనకు హెపటైటిస్ ఎ నిరోధకశక్తి ముందే ఉన్నది కనుక, వచ్చిన వ్యాధి వేరొకటని నిస్సందేహంగా తేలింది. దానినే నేడు హెపటైటిస్ ఇ అంటున్నాము.

ఇంతకూ ఢిల్లీవాసులకు ఆ రక్షణ ఎవరిచ్చారు? మురికినీరే ఇచ్చింది. పారిశుద్ధ్యం లోపించిన ప్రాంతాలలో పదేళ్లు నిండేలోగానే నూటికి తొంభైమంది పిల్లలకు ఈ వైరస్ సోకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆరేళ్లలోపు పిల్లలలో కామెర్లు కనిపించేది నూటికి పదిమందిలోనే. తక్కినవారికి కొద్దిపాటి జ్వరమో, విరేచనాలో, ఒక్కొక్కప్పుడు అదీ లేకుండానో జరిగిపోయి, జీవితాంతం నిలిచే రక్షణ మిగులుతుంది. అదే వైరస్ యౌవనంలో సోకితే ఎక్కువమందికి కామెర్లు తప్పవు. వారాల తరబడి మంచాన పడతారు. అరుదుగా కాలేయం పూర్తిగా విఫలమై ప్రాణం మీదికి వస్తుంది.

శుభ్రత సగమే పెరిగినచోట ఏమి జరుగుతుందో 1988లో షాంఘై నగరం చూపించింది. అక్కడి యువతరంలో చాలామందికి బాల్యంలో ఈ వైరస్ సోకలేదు. మురుగు కలిసిన నీటిలో పెరిగిన సముద్రపు గుల్లలను సరిగా ఉడికించకుండా తినడంతో, ఆ చలికాలంలో దాదాపు 3 లక్షలమంది వ్యాధిగ్రస్తులయ్యారు. వారిలో అత్యధికులు 20–39 ఏళ్లవారే.

ఇప్పుడు మన వైద్యవిద్యార్థిని తలచుకోండి. శుద్ధజలం తాగి, మరుగుదొడ్డి ఉన్న ఇంట పెరిగిన బిడ్డ. తల్లిదండ్రులు కష్టపడి కల్పించిన ఆ శుభ్రతవల్లనే ఆ బిడ్డ రక్తంలో ఈ ప్రతిరక్షకాలు ఉండకపోవచ్చు. ఆ శరీరంతోనే హాస్టలులో అడుగుపెట్టి, వందలమందికి ఒకేచోట వండే మెస్సులో భోజనం చేసి, వీధిబండి మీద చట్నీ రుచిచూసి, వార్డులో రోగులను పరీక్షించాలి. ఈ వ్యాధిలో మరొక చిక్కు ఉంది. కళ్లు పచ్చబడకముందే, ఒకటి రెండు వారాల పాటు, రోగి మలంలో వైరస్ అత్యధికంగా వెలువడుతుంది. రోగి ఎవరో తెలిసేసరికే అది నలుగురికి చేరి ఉంటుంది. సోకినది మొదలు లక్షణాలు కనబడేందుకు 15 నుండి 50 రోజులు పట్టవచ్చు కనుక, తిన్న తిండిని అనుమానించడం కూడా కష్టమే.

అయితే బిడ్డలను మళ్లీ మురికినీటికి అప్పగించాలా? అది అవివేకం. ఆ నీరే టైఫాయిడును, అతిసారాన్ని, హెపటైటిస్ ఇ ని కూడా మోసుకొచ్చి ఎందరో పసివారిని బలిగొన్నది. దాని వద్ద ఉచితంగా దొరికిన రక్షణ నిజానికి ఉచితం కాదు. నేడు అదే రక్షణను టీకా ఆ మూల్యం లేకుండా ఇస్తున్నది. 1990ల తొలి సంవత్సరాలలో ఐరోపాలోను, 1995లో అమెరికాలోను ఈ టీకా వాడుకలోకి వచ్చింది. 2024లో హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ దేశీయంగా రూపొందించిన తొలి హెపటైటిస్ ఎ టీకాను విడుదల చేసింది.

కనుక కళాశాలలో చేరేముందు మీ వైద్యుని సంప్రదించండి. ఐజీజీ ప్రతిరక్షకాల పరీక్ష చేయించి, అవి లేవని తేలితే టీకా వేయించండి. నిర్జీవ టీకా అయితే కనీసం ఆరునెలల వ్యవధితో రెండు మోతాదులు వేస్తారు. హాస్టలులో ఎవరికైనా ఈ కామెర్లు వచ్చాయని తెలిస్తే, రక్షణ లేనివారు రెండు వారాలలోపు టీకా వేయించుకున్నా వ్యాధిని చాలావరకు నివారించవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కోవడం మానవద్దు. ఆల్కహాలు శానిటైజరు ఈ వైరస్‌పై అంతగా పనిచేయదు. నీరు మరగకాచి చల్లార్చి తాగండి. కామెర్లు వచ్చినవారిలో మగత, మాటల తడబాటు, ఆగని వాంతులు, రక్తస్రావం కనిపిస్తే పసరుమందుల కోసం కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మా తరానికి ఈ రక్షణ తెలియకుండానే దక్కింది. మీ పిల్లలకు తెలిసి ఇప్పించవలసిన బాధ్యత మీది.