రాష్ట్ర బడ్జెట్లలో రెవెన్యూ మిగులు: స్వభావం, వినియోగం

భారతదేశంలో రాష్ట్ర బడ్జెట్‌కు మిగులు ఉందంటే అది దాదాపు ఎప్పుడూ రెవెన్యూ మిగులే. సొంత పన్నులు, కేంద్ర పన్నుల్లో వాటా, గ్రాంట్ల రూపంలో వచ్చిన రాబడిలోంచి జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల ఖర్చు పోగా తేలే మొత్తం అది. రోడ్లు, ప్రాజెక్టుల మీద పెట్టే మూలధన వ్యయం సాధారణంగా దాన్ని మించిపోతుంది. అందువల్ల మిగులు చూపిన రాష్ట్రం కూడా ఆ ఏడాది ద్రవ్యలోటులోనే ఉండి, అప్పు తెచ్చుకుంటూనే ఉంటుంది. చేసిన అప్పు జీతభత్యాలకు కరిగిపోలేదన్నదే ఆ అంకె చెప్పే సంగతి.

ఆ మాత్రమైనా నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. 2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణ తొలి పది నెలల లెక్కల్లో రూ. 369 కోట్ల మిగులు చూపింది. 2018-19 నాటికి అది రూ. 4,337 కోట్లకు పెరిగి, మరుసటి ఏడాదే రూ. 6,254 కోట్ల లోటుగా మారింది. మధ్యలో 2016-17 లెక్క మరీ విలక్షణమైనది. ప్రభుత్వం రూ. 1,386 కోట్ల మిగులు చూపగా, కాగ్ పద్దుల వర్గీకరణను తప్పుపట్టి అందులో రూ. 6,778 కోట్లు ఎక్కువ చేసి చూపినట్టు తేల్చింది. ఆ లెక్కన అసలు మిగిలింది రూ. 5,392 కోట్ల లోటు. రాష్ట్రాల ఖాతాలు నగదు ప్రాతిపదికన నడవడం ఇంకో చిక్కు. కాంట్రాక్టర్ల బిల్లులు, ఉద్యోగుల బకాయిలు మార్చి 31 దాటించేస్తే చాలు, చెల్లించని ప్రతి రూపాయీ మిగులులో కలుస్తుంది. పెండింగ్ బిల్లులు పేర్చుకుని ప్రకటించే మిగులుకు విలువ లేదు.

చేతిలో నగదు ఉన్నంత మాత్రాన అది పొదుపు అనుకోవడానికీ లేదు. 2006-07 నుంచి మూడేళ్లపాటు రాష్ట్రాలన్నీ కలిసి రెవెన్యూ మిగులు చూపాయి. ఆ కాలంలో అనేక రాష్ట్రాల ఖజానాల్లో పోగుపడిన నగదులో కొంత జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి 9.5 శాతం వడ్డీకి వచ్చిన అప్పే. అవసరం ఉన్నా లేకున్నా ఆ అప్పు రాష్ట్రాల మీదకు వచ్చి పడేది. రిజర్వు బ్యాంకు మాత్రం రాష్ట్రాల అదనపు నగదును 14 రోజుల ట్రెజరీ బిల్లుల్లో ఉంచుతుంది; వాటి మీద వచ్చే వడ్డీ అంతకంటే బాగా తక్కువ. ఆరో వేతన సంఘం భారం, ఆర్థిక మాంద్యం కలిసి రావడంతో 2009-10లో మొత్తంగా మళ్లీ లోటు వచ్చింది.

లెక్క సరైనదని తేలాక చూడాల్సింది రాబడి ఎక్కడి నుంచి వచ్చిందన్నది. అసలు నిర్ణయం దీనిమీదే ఆధారపడాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును 2023లో 30 ఏళ్లకు లీజుకిచ్చినందుకు వచ్చిన రూ. 7,380 కోట్లు ముప్పై ఏళ్ల టోల్ వసూళ్లను ముందే తీసుకోవడం. భూముల వేలం సొమ్మూ ఇలాంటిదే, ఒకసారే వస్తుంది. ఒడిశాలో 2020 మార్చితో గడువు తీరిన గనుల్లో కొన్నింటికి వేలంలో ఖనిజం విలువలో నూరు శాతానికి మించిన ప్రీమియం పలికింది, ఆ వెంటనే ఉక్కు ధరలూ పెరిగాయి. ధర పడిపోతే ఆ రాబడీ పడిపోతుంది. 2005-06 నుంచి మిగులులో నడుస్తున్న ఆ రాష్ట్రం ఈ ఒడిదొడుకుల కోసమే బడ్జెట్ స్థిరీకరణ నిధిని ఏర్పాటు చేసుకుంది. ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలు పొరుగును చూసి నేర్చుకోవచ్చు.

ఇలాంటి రాబడి ఎంత త్వరగా తలకిందులవుతుందో అమెరికాలోని కాలిఫోర్నియా చూపింది. స్టాక్ మార్కెట్ లాభాల మీద పన్ను పుష్కలంగా రావడంతో 2022 మేలో 9,750 కోట్ల డాలర్ల మిగులు అంచనా వేసిన రాష్ట్రం, 2023 జనవరికి 2,250 కోట్ల డాలర్ల లోటు ప్రకటించింది. 2014లోనే ఓటర్లు ఆమోదించిన నిబంధన ప్రకారం అలాంటి పన్నులో కొంత భాగం నిల్వ నిధికి చేరుతూ వచ్చింది కాబట్టి దెబ్బ కొంత తగ్గింది.

మిగులు చూపితే కేంద్ర సహాయం పోతుందన్న భయం రాష్ట్రాల్లో ఉంది. వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన 14వ ఆర్థిక సంఘం అయిదేళ్లకు ఆంధ్రప్రదేశ్‌కు రూ. 22,113 కోట్ల రెవెన్యూ లోటు గ్రాంటు సిఫారసు చేసి, తెలంగాణకు ఏమీ ఇవ్వలేదు. అయితే సంఘం అంచనాలు తన సొంత కొలమానాల మీద వేస్తుంది. కాబట్టి మిగులును దాచినంత మాత్రాన గ్రాంటు రాదు.

మిగులు వినియోగంలో పెండింగ్ బిల్లుల చెల్లింపే మొదటి పని. తరువాతది అప్పు. మార్కెట్ రుణాలకు గడువు తేదీ ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి వాటిని ముందుగా తీర్చడం అంత సులభం కాదు. అనుమతించిన పరిమితి మొత్తం వాడకుండా కొత్త అప్పు తగ్గించుకోవడమే ఆచరణలో సాధ్యమైన మార్గం. అప్పులు తీర్చడానికని పక్కన పెట్టే, రిజర్వు బ్యాంకు నిర్వహించే సింకింగ్ ఫండ్‌లో వేసిన సొమ్ము మరో విధంగానూ అక్కరకొస్తుంది: నగదు కొరత వచ్చినప్పుడు దాని హామీ మీద తక్కువ వడ్డీకి స్వల్పకాలిక రుణం దొరుకుతుంది. ఇక మిగిలిన సొమ్ములో ఒకసారి వచ్చే రాబడిని మూలధన పనులకూ, స్థిరీకరణ నిధికీ మాత్రమే కేటాయించాలి. ఏటా నిలకడగా వచ్చే భాగం మీదే కొత్త పథకాలు, కొత్త నియామకాలు ఆధారపడాలి. కాలువలు, రోడ్ల మరమ్మతు రెవెన్యూ ఖర్చు కిందకు వస్తుందని దాన్ని కోసి మిగులు పెంచుకోవడం నష్టదాయకం.

రాష్ట్రాల ద్రవ్య బాధ్యత చట్టాలు ప్రధానంగా లోటుకు హద్దులు గీస్తాయి. భూముల అమ్మకం, దీర్ఘకాలిక లీజుల రాబడిలో నిర్ణీత వాటా స్థిరీకరణ నిధికి వెళ్లాలనీ, శాసనసభ ఆమోదం లేకుండా దాన్ని తీయరాదనీ ఈ చట్టాల్లోనే చేర్చడం అవసరం.