కుంచం మారిన లెక్కలు

అరకు, పాడేరు సంతలలో షావుకార్లు గిరిజనుణ్ణి దోచుకున్న తీరు మనకు తెలియనిది కాదు. చింతపండో, పిప్పళ్ళో, వలిసెలో తెచ్చినవాడి కళ్ళ యెదుటనే కొలత జరిగేది. మోసమంతా కుంచంలో వుండేది. కొనడానికొక కుంచం, అమ్మడానికొక కుంచం. యీ దోపిడీనుంచి కాపాడటానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ యేర్పడింది. అయితే కుంచం మారే తంతు సంతతో ఆగలేదు. ప్రగతిని చూపించే పట్టికలలో, గ్రాఫులలో కూడా అది కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన జనాభా 1961లో 13.24 లక్షలు, 1971లో 16.58 లక్షలు, 1981లో 31.76 లక్షలు. వీటిని గీతగా గీస్తే చివరి దశాబ్దంలో గీత నిట్టనిలువుగా లేస్తుంది. పెరుగుదల నూటికి 91 పైమాటే. అదే కాలంలో రాష్ట్ర జనాభా పెరిగింది నూటికి 23 మాత్రమే. కొండలలో జ్వరాలు మాయమైనాయా? పురిటి చావులు ఆగిపోయాయా? అదేమీ కాదు. 1976లో పార్లమెంటు షెడ్యూల్డు తెగల జాబితాను సవరించింది. సవరణ 1977లో అమలుకు వచ్చింది. అంతవరకు ఆంధ్ర ప్రాంతంలోనే జాబితాలో వున్న లంబాడీలు తెలంగాణాలో కూడా చేరారు. ఆ గుర్తింపుతో మనకిక్కడ పేచీ లేదు. పేచీ గీతతోనే. అది అలా లేవడానికి ముఖ్యకారణం కాన్పులు కావు, చట్టం. బగతలు, కొండదొరలు, గదబలు, పోర్జలు యెందరు పెరిగారో ఆ గీత చెప్పదు.

చదువు సంగతి చూద్దాం. గిరిజనులలో అక్షరాస్యులు 1981లో నూటికి 7.82, 1991లో 17.16. పదేళ్ళలో రెట్టింపు దాటిందని సంబరపడవచ్చు. కాని మొదటిది మొత్తం జనాభామీద కట్టిన లెక్క. రెండవది యేడేళ్ళు, ఆ పైబడినవారిమీద మాత్రమే కట్టినది. చంటిబిడ్డలను లెక్కనుంచి తీసివేస్తే, కొత్తగా ఒక్కరు చదువుకోకపోయినా అంకె పెరుగుతుంది. రాష్ట్రం మొత్తానికి 1981 అంకె పాత కొలతలో 29.94, కొత్త కొలతలో 35.66. 1991లో 44.09. కనుక పాత అంకె పక్కన కొత్త అంకె పెడితే పెరుగుదల 14 పైన. ఒకే కొలతతో చూస్తే ఎనిమిదిన్నర కూడా లేదు. కొత్త కొలత తప్పు కాదు, పసివాడికి చదువు రాదని లెక్కించడమే అసంగతం. తప్పల్లా రెండు కొలతలను ఒకే గీతగా కలపడంలో వుంది.

యిక సగటు. 2011లో విశాఖపట్నం జిల్లా అక్షరాస్యత నూటికి 66.91. రేవూ ఉక్కు కర్మాగారమూ వున్న నగరం, ముంచింగిపుట్టు కొండమీది గూడెం, రెండూ ఆ ఒక్క అంకెలోనే. జిల్లాలో గిరిజనులు నూటికి పద్నాలుగుమంది. వారి వెనుకబాటు సగటును కాస్త కిందికి లాగుతుందేగాని, తాను మాత్రం బయటపడదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడిన తరువాతనే కొండల లెక్క నగరంనుంచి విడిపడింది.

యిది పండితుల కాలక్షేపం కాదు. బడి యెక్కడ పెట్టాలి, వైద్యుణ్ణి యెక్కడికి పంపాలి అన్నవి యీ అంకెలు చూసే నిర్ణయిస్తారు. గీత లేచిందని చూపి "యిక చాలు" అన్ననాడు నష్టపోయేది గూడెంలోని పిల్లవాడే. అందుచేత గ్రాఫు చూడగానే మూడు ప్రశ్నలు వేయాలి: యెవరిని లెక్కించారు? యెవరిని వదిలారు? మొదటినుంచి చివరిదాకా కుంచం ఒక్కటేనా?