ఎండిన పండు పేరు వానము

చిన్ననాడు గురుబాల ప్రబోధిక ముందు పెట్టుకొని అమరం వల్లెవేసిన వారికి వనౌషధివర్గంలోని ఒక చిత్రమైన మాట గుర్తుండవచ్చు. పచ్చికాయకు 'శలాటువు' అనీ, ఎండిన పండుకు 'వానము' అనీ అమరసింహుడు పేర్లు చెప్పాడు. ఎండుట అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టిన మాట అది. మన తెలుగు వానకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా తరగతిలో ఈ మాట వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేవాణ్ణి. ఎండిన పండుకు వానమని పేరు పెట్టినవాడు మా కోనసీమలో తాండ్ర పోసిన ఇల్లాలి అవస్థ ఎరగడు గదా అని నాలో నేనే నవ్వుకునేవాణ్ణి.

తాండ్రకు సంస్కృతంలో వేరే పేరుంది. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో 'ఆమ్రావర్తం' అనే దానిని వర్ణించాడు. పండిన మామిడి రసాన్ని గుడ్డ మీద పరచి, ఎండలో ఎండనిచ్చి, దానిపై మళ్ళీ మళ్ళీ రసం పోయగా ఏర్పడేది ఆమ్రావర్తం. ఇది తాండ్ర గాక మరేమిటి? ఆయన గుడ్డ అన్నాడు, మనవాళ్ళు చాప అంటారు, అంతే భేదం. తొక్క తీసి బాగా ఎండబెట్టిన పచ్చిమామిడి ముక్కలను 'ఆమ్రపేశి' అన్నాడు. అవి మన ఒరుగులు. ఆమ్రావర్తం దప్పికను, వాంతిని, వాతపిత్తాలను తగ్గిస్తుందనీ, రుచి కలిగిస్తుందనీ చెప్పి, చివర ఒక కారణం కూడా చేర్చాడు. సూర్యకిరణాల వల్ల పక్వమైనది కనుక అది లఘువు, అంటే తేలికగా అరుగుతుందట. ఈ వ్యాసానికి మూలం ఆ ఒక్క కారణమే. ఎండే తగలని తాండ్ర సంగతి ఏమిటి?

పండ్లను ఎండబెట్టే విద్య ఏ ఒక్క దేశానిదీ కాదు. 14వ శతాబ్దిలో లోకం చుట్టిన ఇబ్న్ బతూతా ఖ్వారిజం పుచ్చపండ్లను తెగ మెచ్చుకున్నాడు. వాటిని బద్దలుగా కోసి ఎండబెట్టి, రెల్లు బుట్టలలో పెట్టి హిందూదేశానికీ చైనాకూ పంపేవారట. తాను ఢిల్లీలో ఉన్న రోజుల్లో బాటసారులు వచ్చారని తెలియగానే ఆ ఎండు బద్దలకోసం మనిషిని పంపేవాడినని స్వయంగా రాసుకున్నాడు. సుల్తాను కొలువులో న్యాయాధికారిగా ఉన్నవాడు ఎండు పుచ్చబద్ద కోసం అంత తహతహలాడడం చదివితే నాకు ముచ్చట వేసింది. దూరాన ఉన్నవాడికి ఊరిపండు అందేది ఎండిన రూపంలోనే కదా. అనతోలియాలో 'కమరుద్దీన్' అనే ఒక రకం ఆప్రికాట్‌ను ఎండబెట్టి ఈజిప్టుకు పంపడం కూడా ఆయన చూశాడు. అదే పేరుతో నేడు సిరియావారు ఆ పండు గుజ్జును పలుచగా పరచి, ఎండబెట్టి, చుట్టలు చుట్టి అమ్ముతారు. మన తాండ్రకు అది పినతల్లి బిడ్డ. వంగదేశంలో దీని చెల్లెలు ఆమ్‌సత్త్వ.

ఇక పొయ్యి మాట. ఎండ చాలని చోట్ల జనం నిప్పును ఆశ్రయించారు. ఫ్రాన్సులో ఆజెన్ ప్రాంతపు రైతులు తమ ప్లమ్ పండ్లను రొట్టె కాల్చిన తరువాత పొయ్యిలో మిగిలిన వేడికి ఎండబెట్టేవారు. ఒక్కసారిగా కాదు. కొంచెం ఎండనిచ్చి, బయటికి తీసి చల్లార్చి, మళ్ళీ పెట్టి, ఇలా పలుమార్లు. ఆ చెట్టు అంట్లే 1856లో పెల్లియే సోదరుల ద్వారా కాలిఫోర్నియా చేరాయి. భావమిశ్రుడి 'మళ్ళీ మళ్ళీ' ఇక్కడ కూడా కనబడడం గమనించదగినది. తొందరపడి ఒక్కసారే వేడి పెంచితే పైపొర గట్టిపడి లోపలి తడిని బయటికి రానీయదు. ఎండబెట్టడం అంటే ఉడికించడం కాదు, నీటికి దారి ఇవ్వడం. వేడి ఎంత అవసరమో, కదిలే గాలి అంత అవసరం.

మా ఇంట్లో ఈ శాస్త్రం అమ్మది. పీచు ఎక్కువగల రసాల పండ్లు పిండి, వడగట్టి, బెల్లం కలిపి, ఈతాకు చాప మీద పొర పోసేది. అది ఆరితే మర్నాడు మరో పొర. కాకుల కాపలా పిల్లలది. 1990 మే మొదటి వారంలో రెండు చాపలు పోసింది. ఒకటి చెల్లెలి అత్తవారింటికి వెళ్ళవలసినది. బెల్లం అరువు తెచ్చినది. అయిదో పొర పచ్చిగా ఉండగానే ముసురు పట్టింది. మే 9న మచిలీపట్నం దగ్గర పెను తుపాను తీరం దాటింది. వందలాది ప్రాణాలు పోయిన ఆ రోజుల్లో రెండు చాపల తాండ్ర ఒక లెక్కా? చాపలు లోపలికి తెచ్చినా ఎండ లేక బూజు పట్టింది. అమ్మ ఏమీ అనకుండా గీకి కుడితితొట్టిలో వేసింది. నేను ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో ఉన్నాను. ఈ సంగతి కూడా చెల్లెలు చెప్పగా తెలిసిందే. అమ్మ ఆ తరువాత తాండ్ర పోయలేదు.

మా అమ్మాయి సియాటిల్‌లో ఉంటుంది. వానకు పేరుపడ్డ ఊరు. కిందటేడు మేము వెళ్ళినప్పుడు డబ్బా మామిడిగుజ్జుతో అవెన్‌లో తాండ్ర పెట్టింది. మొదటిసారి వేడి ఎక్కువై అంచులు పెళుసెక్కి, నడుమ ముద్దగా మిగిలింది. ఆ యంత్రంలో అన్నిటికన్నా తక్కువ వేడే 77 డిగ్రీల సెంటీగ్రేడు. కావలసినది 60 ప్రాంతం. రెండోసారి తలుపు సందున చెక్కగరిటె పెట్టి, గాలి ఆడనిచ్చి, మూడు పలుచని పొరలుగా పోసింది. పొరకు ఆరేడు గంటలు పట్టింది. బయట వాన కురుస్తూనే ఉంది.

ఒక ముక్క కాగితంలో చుట్టి తెచ్చి అమ్మకు ఇచ్చాను. ఆమెకు తొంభై దాటాయి. పళ్ళు లేవు. చాలాసేపు చప్పరించింది.

"ఎండ వాసన లేదురా" అంది.

భావమిశ్రుడి పక్షమే అనుకున్నాను. పొయ్యిలో పెట్టిన వైనం వివరించాను. అంతా విని, "అయితే బయట వాన పడుతున్నా ఎండిందా?" అని అడిగింది. ఎండిందన్నాను. కాసేపు ఊరుకుంది.

"ఇంకా ఉందా?" అని చెయ్యి చాచింది.