పాత కార్ల ముందు చక్రాల బాల్ జాయింట్లు: పరీక్ష, మార్పిడి, జాగ్రత్తలు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల గ్రామాలలో ఇరవై, ముప్పై ఏళ్ళనాటి కార్లు నేటికీ కొన్ని ఇండ్ల ముందు కనబడుతూనే ఉన్నాయి. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి, సరిహద్దు అవతల కదిరి, మదనపల్లె, హిందూపురం వైపు బంధువుల ఇండ్లకు కుటుంబమంతా వీటిలోనే ప్రయాణిస్తుంది. ఇంజను, బ్రేకు, టైరు విషయంలో చూపే శ్రద్ధ ముందు చక్రాల వెనుక దాగి ఉండే బాల్ జాయింటు విషయంలో చాలామంది చూపరు. ఇంజను చెడితే కారు ఆగిపోతుంది. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు ఒరిగి, కారు స్టీరింగుకు లోబడదు. కనుక ఈ చిన్న భాగాన్ని గురించి ప్రతి కుటుంబమూ తెలుసుకొనుట అవసరం.

బాల్ జాయింటు అనగానేమి?

మనిషి తొడ ఎముక పైభాగపు గుండు తుంటి గుంటలో అమరి అన్ని వైపులకూ తిరుగుతుంది. బాల్ జాయింటు నిర్మాణమూ అటువంటిదే. ఉక్కు గుండు ఒక గిన్నెలో అమరి ఉంటుంది. గుండు నుండి వెలుపలికి వచ్చిన కాడ కొద్దికొద్దిగా సన్నబడుతూ, చక్రాన్ని మోసే నకుల్ రంధ్రంలో బిగుసుకొని ఉంటుంది. గిన్నె భాగం సస్పెన్షన్ ఆర్మ్‌కు చేరి ఉంటుంది. గుంతలో చక్రం పైకీ కిందికీ కదలడానికి, మలుపులో పక్కకు తిరగడానికి ఈ కీలే ఆధారం. లోపల గ్రీజు, పైన రబ్బరు బూటు ఉంటాయి.

ఏ కారులో ఏమి ఉంటుంది?

పాత కార్లన్నిటిలో బాల్ జాయింట్లు ఉండవు. మరమ్మతుకు పూనుకొనే ముందు ఈ భేదం గుర్తించవలెను.

ప్రీమియర్ పద్మిని: ఫియట్ 1100 ఆధారంగా బొంబాయిలో తయారైన ఈ కారులో ముందు కాయిల్ స్ప్రింగులు, చక్రం తిరగడానికి కింగ్ పిన్ ఉంటాయి. కింగ్ పిన్ అరిగితే పిన్నునూ, బుష్షులనూ మార్చి, బుష్షులను రీమర్‌తో సరిచేయవలసి ఉంటుంది. ఇది లేతు పని తెలిసినవారి చేత చేయించదగినది.

పాత అంబాసిడర్: మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుండి వచ్చిన ఈ కారులో కాయిల్ స్ప్రింగుకు బదులు టార్షన్ బార్, స్వివెల్ పిన్ ఉంటాయి. మెలిపడి ఉన్న టార్షన్ బార్‌ను అనుభవం లేనివారు విప్పరాదు.

స్టాండర్డ్ హెరాల్డ్: మద్రాసులో తయారైన ఈ కారులో పైన బాల్ జాయింటు, కింద మరలు గల ఇత్తడి ట్రనియన్ ఉంటాయి. ట్రనియన్‌కు గ్రీజు కాక, చిక్కటి గేరు ఆయిలు పట్టించవలెను. గ్రీజు మరల లోపలికి సరిగా చేరదు. లోపల తుప్పుపట్టి, చివరకు విరుగుతుంది.

కాంటెస్సా, ప్రీమియర్ 118 ఎన్.ఇ.: వీటిలో పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, రెండింటి కొనలయందు బాల్ జాయింట్లు ఉంటాయి.

మారుతి 800: 1983 డిసెంబరులో మొదటి కారు అమ్ముడుపోగా, 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది. దీనిలో పైన స్ట్రట్, కింది ఆర్మ్ కొనన మాత్రమే బాల్ జాయింటు ఉంటుంది.

అరుగుదలకు కారణాలు, లక్షణాలు

రబ్బరు బూటు చిరగడమే ప్రధాన కారణం. మట్టి బాటల దుమ్ము, క్వారీల రాతిపొడి, వాననీరు ఆ చిరుగు నుండి లోపలికి చేరి గ్రీజుతో కలసి ఆకురాయి వలె గుండును అరగదీస్తాయి. పరిమితికి మించిన బరువు, హంపులను వేగంగా దాటడం అరుగుదలను త్వరపరుస్తాయి.

లక్షణాలు ఇవి: గుంతలో ముందు భాగాన టక్కుమను శబ్దం, స్టీరింగు తిప్పునప్పుడు కీచుమను ధ్వని, కారు ఒక పక్కకు లాగడం, టైరు ఒకే అంచున అరగడం. అయితే కొన్ని జాయింట్లు శబ్దమే లేకుండా అరిగిపోతాయి. శబ్దం లేదు కాబట్టి బాగున్నదని భావించరాదు.

ఇంటి వద్ద పరీక్ష

ఇద్దరు మనుషులు, ఒక జాకీ, ఒక గడ్డపార చాలును. కారును సమతలమైన గట్టి నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డురాళ్ళు పెట్టవలెను.

జాకీ పెట్టే చోటు ముఖ్యం. కాంటెస్సా, 118 ఎన్.ఇ. వంటి కార్లలో స్ప్రింగు బరువు జాయింటుపై ఉన్నంతవరకు అరుగుదల బయటపడదు. స్ప్రింగు కింది ఆర్మ్‌పై కూర్చున్నట్లయితే, ఆ ఆర్మ్ కింద, చక్రానికి వీలైనంత దగ్గరగా జాకీ పెట్టి ఎత్తవలెను. మారుతి 800 వంటి స్ట్రట్ కార్లలో బాడీ కింద నిర్ణీత స్థానంలో ఎత్తి, చక్రాన్ని వేలాడనీయవలెను.

చక్రం నేలను వదలిన తరువాత, టైరు కింద గడ్డపార పెట్టి మెల్లగా పైకి లేపుతుండగా రెండవ వ్యక్తి పక్కనుండి జాయింటును గమనించవలెను. పిమ్మట టైరును పైనా కిందా పట్టుకొని ముందుకూ వెనుకకూ ఊపవలెను. కదలిక కనబడితే ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోగా మరల ఊపి చూడవలెను. కదలిక మాయమైతే లోపం వీల్ బేరింగులో ఉన్నది. అట్లే ఉంటే బాల్ జాయింటులోనో, కింగ్ పిన్‌లోనో ఉన్నది. టైరును కుడి ఎడమల పట్టి ఊపినప్పుడు మాత్రమే కదలిక ఉంటే టై రాడ్ ఎండ్‌ను అనుమానించవలెను.

ఈ పరీక్ష జరుగుతుండగా ఎవరూ కారు కింద దూరరాదు.

మార్చు విధానం

1. చక్రం నట్లను కారు నేలపై ఉండగానే కొద్దిగా వదులు చేయవలెను. తరువాత ఎత్తి, చాసిస్ కింద ఇనుప స్టాండు నిలపవలెను. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, సైజురాళ్ళు పేర్చి పని చేయరాదు. అవి పగులుతాయి, జారుతాయి. స్టాండు లేనివారు ఈ పనిని షెడ్డులో చేయించుకొనుటే మేలు.

2. కాయిల్ స్ప్రింగు కింది ఆర్మ్‌పై ఉన్న కార్లలో, జాకీ ఆ ఆర్మ్‌ను పని ముగిసేవరకు మోస్తూనే ఉండవలెను. నొక్కబడిన స్ప్రింగు ఒక్కసారిగా విడుదలైతే ప్రాణాపాయం కలుగుతుంది. ఈ పనిలో అన్నిటికంటె పెద్ద ప్రమాదం ఇదే.

3. స్ప్లిట్ పిన్ తీసి, నట్టును రెండు మూడు చుట్లు మాత్రమే వదులు చేయవలెను. పూర్తిగా తీయరాదు. కాడ హఠాత్తుగా విడినా ఆర్మ్ ఎగిరిపడకుండా ఆ నట్టే ఆపుతుంది.

4. కాడను పుల్లర్‌తో విడదీయవలెను. పుల్లర్ లేనిచో నకుల్ రంధ్రపు అంచుకు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండవ పక్క మరొక సుత్తితో కొడితే పట్టు వదులుతుంది. కాడ కొనపై కొట్టరాదు. మారుతి 800 రకంలో కాడను అడ్డ బోల్టు ఒకటి బిగించి ఉంచుతుంది. దానిని పూర్తిగా తీసిన తరువాతనే ఆర్మ్‌ను కిందికి లాగవలెను.

5. జాయింటు ఆర్మ్‌కు బోల్టులతో ఉంటే విప్పవలెను. రివెట్లు ఉంటే వాటి తలలను డ్రిల్ చేసి తీసి, కొత్త జాయింటుతో వచ్చిన గట్టి బోల్టులనే వాడవలెను. ప్రెస్ చేసి దిగవేసిన రకమైతే ఆర్మ్‌ను విప్పి హైడ్రాలిక్ ప్రెస్సు గల షెడ్డుకు తీసుకుపోవలెను. ఆర్మ్‌తో కలసి వచ్చే రకమైతే మొత్తం ఆర్మ్‌నే మార్చవలెను. పై ఆర్మ్ వద్ద షిమ్ములు ఉంటే, ఏ చోట ఎన్ని ఉన్నాయో వ్రాసి పెట్టుకొనవలెను.

6. కాడ, రంధ్రం రెండూ పొడిగుడ్డతో శుభ్రంగా తుడవవలెను. ఆ పట్టుచోట గ్రీజు పూయరాదు. రంధ్రం సాగి ఉంటే, పగులు కనబడితే ఆ భాగాన్నీ మార్చవలెను.

7. నట్టును తయారీదారు పుస్తకంలో చెప్పిన బిగువు మేరకు టార్క్ స్పానర్‌తో బిగించవలెను. స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే మరికొంత బిగించవలెనేగాని వదులు చేయరాదు. స్ప్లిట్ పిన్ ఎల్లప్పుడూ కొత్తదే వేయవలెను.

8. గ్రీజు నిపుల్ ఉన్న జాయింటుకు బూటు కొద్దిగా ఉబ్బేవరకు గ్రీజు పట్టించవలెను. బూటు పగిలేంతగా పట్టించరాదు.

మార్చిన తరువాత

ఒక పక్క జాయింటు అరిగిందంటే రెండవ పక్కదీ అంతే దూరం తిరిగి ఉంటుంది. దానినీ తప్పక పరీక్షించవలెను. వీల్ అలైన్‌మెంట్ చేయించనిదే పని పూర్తయినట్లు కాదు. లేనిచో కొత్త టైరు సైతం కొద్ది నెలలలో పాడవుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట నట్లు, స్ప్లిట్ పిన్నులు మరల చూసుకొనవలెను.

విడిభాగం కొనునప్పుడు

ఈ ప్రాంతపు షెడ్లలో తెలుగు, కన్నడం రెండూ వినబడుతాయి గాని విడిభాగాల పేర్లు రెండింటిలోనూ ఇంగ్లీషువే. అంగడికి పోవునప్పుడు కారు పేరు, తయారైన సంవత్సరం, పక్క, పైదా కిందిదా అన్నది వ్రాసుకొని, వీలైతే పాత జాయింటునే వెంట తీసుకుపోవలెను. మారుతి 800 భాగాలు తాలూకా కేంద్రాలలో దొరకకపోయినా వెదకడం కష్టం కాదు. కాంటెస్సా, హెరాల్డ్ వంటివాటికి బెంగళూరు జె.సి. రోడ్డు అంగళ్ళలో విచారించవచ్చును. గుజిరీలో తీసిన పాత జాయింటును మాత్రం ఎంత చవకైనా కొనరాదు.

పదిహేను సంవత్సరాలు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ అవసరం. ఆ పిమ్మట ఐదేళ్ళకొకసారి చేయించవలెను. ఆ సమయంలో వాహన తనిఖీ జరుగుతుంది. అయితే ఐదేళ్ళకొకసారి జరిగే తనిఖీ బాల్ జాయింటుకు చాలదు. ఆరు మాసాలకొకసారి, దూర ప్రయాణానికి వారం ముందు ఒకసారి జాకీ ఎత్తి చూసుకొనుట మంచిది. దానికి పట్టేది అరగంట కంటె తక్కువే. లోపం కనబడితే మార్చుటకు వ్యవధి ఉంటుంది. మార్చేవరకు ఆ కారులో పిల్లలను, పెద్దలను ఎక్కించుకొని బయలుదేరరాదు.